గేమ్ అయిపోగానే లేవకండి

ఫోన్‌లో చెస్ ఆడేవాళ్లందరికీ ఒక దశ వస్తుంది. మొదట్లో రేటింగ్ చకచకా పెరుగుతుంది, పజిళ్లు ఇట్టే తెగుతాయి, అవతలివాళ్లు మంత్రిని ఊరికే వదిలేస్తుంటారు. కొన్నాళ్లకు అంకె ఒకచోట ఆగిపోతుంది. యాభై పాయింట్లు ఎక్కడం, యాభై దిగడం, అర్ధరాత్రి దాటాక కూడా ‘ఇదొక్కటి ఆడి పడుకుందాం’ అనుకోవడం. ఏడాది తిరిగినా అదే తంతు. ఈ అధ్యాయం అక్కడ ఇరుక్కున్నవాళ్ల కోసం. వాళ్లకు చెప్పాల్సింది పాతకాలపు సలహానే: మీ ఊళ్లో చెస్ ఎక్కడ ఆడుతున్నారో వెతుక్కుని వెళ్లండి. టౌన్ క్లబ్బు వెనక గది కావచ్చు, గ్రంథాలయం వరండా కావచ్చు, అపార్ట్‌మెంట్ సెల్లార్ కావచ్చు. వెళ్లి ఆడండి. ఆట అయ్యాక మాత్రం వెంటనే లేవకండి.

ఈ చివరి ముక్కే అసలుది. క్లబ్బుకు వెళ్లేవాళ్లలో చాలామంది అక్కడా ఫోన్‌లో ఆడినట్టే ఆడతారు. ఓడితే కాయలు సర్దేసి ఇంకో గేమ్, గెలిస్తే చేతులు దులుపుకుని ఇంకో గేమ్. అలా ఆడేటట్టయితే ఆటోకు డబ్బులు తగలేసుకుని అంతదూరం పోనక్కర్లేదు, ఇంట్లో ఫ్యాన్ కింద కూర్చునే ఆడుకోవచ్చు. క్లబ్బులో దొరికేదీ ఫోన్‌లో దొరకనిదీ ఒక్కటే: మిమ్మల్ని ఓడించిన మనిషి, ఓడించాక కూడా ఎదురుగా కూర్చుని ఉండటం.

ఇంజిన్ ఉంది కదా, అది అన్నీ చెబుతుంది కదా అనొచ్చు. చెబుతుంది. ఇరవై మూడో ఎత్తు దగ్గర ఎర్ర గుర్తు పెడుతుంది, ఆడాల్సిన ఎత్తును బాణం వేసి చూపిస్తుంది. మీరు ఆ తప్పు ఎత్తు ఎందుకు వేశారో మాత్రం దానికి తెలియదు. అది తెలిసేదాకా అదే రకం తప్పు ఇంకో వేషంలో వస్తూనే ఉంటుంది.

ఒక ఆదివారం సాయంత్రం క్లబ్బులో సాధారణంగా జరిగేది చూడండి. ఒక వైపు రిటైరైన లెక్కల మాస్టారు, ఇటు తెల్లకాయలతో ఇంజనీరింగ్ చదివే కుర్రాడు. కుర్రాడు క్యాస్లింగ్ చేసుకున్నాడు, ఆట బాగానే నడిచింది, ఉన్నట్టుండి ఎఫ్2 బంటు పోయింది, దాని వెనకే ఆట పోయింది. మాస్టారు కాయల్ని వెనక్కి పేర్చి అడిగారు.

“ఏనుగును ఎఫ్1 నుంచి ఈ1కి ఎందుకు జరిపావు బాబూ?”

“ఆ నిలువు వరుస ఖాళీ అయింది కదా మాస్టారూ. ఖాళీ వరుసలోకి ఏనుగును తేవాలని చదివాను.”

“చదివింది మంచిదే. మరి అది లేచిపోతే ఎఫ్2 బంటుకు కాపలా ఎవరు?”

“రాజున్నాడు కదండీ.”

“రాజు ఒక్కడే. కొట్టడానికి నావాళ్లు ఇద్దరున్నారు. జీ4లో గుర్రం, సీ5లో శకటు.”

కుర్రాడు బోర్డు వంక కాసేపు చూసి అన్నాడు: “గుర్రాన్ని చూశాను మాస్టారూ. శకటును చూళ్లేదు. అది ఎప్పట్నుంచో అక్కడే ఉంది కదా, ఉన్న సంగతే మర్చిపోయాను.”

దొరికింది. అతని జబ్బు ‘ఏనుగును తప్పు చోట పెట్టడం’ కాదు. చాలాసేపు కదలని కాయ అతని కంటికి ఆనదు. ఇప్పుడే కదిలినదాన్ని చూస్తాడు, పాతదాన్ని వదిలేస్తాడు. ఇంటికెళ్లి ఇంజిన్ పెడితే ‘ఏనుగు ఎత్తు తప్పు’ అని వచ్చేది, ‘సరే, ఇంకోసారి ఆ ఎత్తు వేయను’ అనుకుని ఫోన్ పక్కన పెట్టేసేవాడు. మాస్టారు అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పబోయి అతనే తన లోపాన్ని బయటపెట్టుకున్నాడు. వచ్చే వారం నుంచి ఎత్తు వేసేముందు ‘చాలాసేపుగా కదలని ఎదుటి కాయలు ఏవి?’ అని ఒకసారి చూసుకుంటే చాలు. నా మటుకు క్లబ్బంటే ఇదే. తక్కినదంతా దీని చుట్టూ ఉండే హంగు.

పెద్ద ఆటగాళ్ల కథల్లోనూ క్లబ్బు ఇలాంటి పనే చేసింది. 1951 జనవరిలో న్యూయార్క్ బ్రూక్లిన్‌లో మాక్స్ పేవీ అనే బలమైన ఆటగాడు ఒకేసారి ఎందరితోనో ఆడుతుంటే, ఏడేళ్ల బాబీ ఫిషర్ ఒక బోర్డు ముందు కూర్చుని ఓడిపోయాడు. అక్కడే చూస్తున్న కార్మైన్ నిగ్రో ఆ పిల్లవాణ్ణి తమ బ్రూక్లిన్ చెస్ క్లబ్బుకు పిలిచాడు. మన విశ్వనాథన్ ఆనంద్‌కు తొలి పాఠాలు చెప్పింది తల్లి. ఆ తర్వాత అతని చెయ్యి తిరిగింది మద్రాసులో, సోవియట్ సాంస్కృతిక కేంద్రంలో ఉండే తాల్ చెస్ క్లబ్బులో. అక్కడ బ్లిట్జ్ జరిగేది, గెలిచినవాడు కుర్చీలోనే ఉంటాడు, ఓడినవాడు లేచి మళ్లీ వరుసలో నిలబడాలి. ఇక కోనేరు హంపి సంగతి వేరు. తండ్రి అశోక్ గారు స్వయంగా ఆటగాడు, ఉద్యోగం వదులుకుని కూతురికి కోచ్ అయ్యారు. ఆమె 2002లో పదిహేనేళ్లకే గ్రాండ్‌మాస్టర్ అయింది, 2019లోనూ 2024లోనూ ప్రపంచ ర్యాపిడ్ కిరీటం గెలిచింది. అలాంటి తండ్రి ఇంట్లోనే ఉంటే క్లబ్బు అవసరం అంతగా ఉండదు. మన ఇళ్లలో ‘ఆ చదరంగం తర్వాత, ముందు పుస్తకం తియ్యి’ అనే తండ్రులే ఎక్కువ కాబట్టి, ఆటను గురించి మాట్లాడే మనిషిని బయట వెతుక్కోవాలి.

మొదటి రోజు సంగతి. వెళ్లగానే మీ ఆన్‌లైన్ రేటింగ్ ఎంతో చెప్పకండి. ఎవరూ అడగరు, అడిగినా నమ్మరు. కాసేపు నిలబడి చూడండి. ఎవరు ఆలోచించి ఆడుతున్నారు, ఎవరు గేమ్ అయ్యాక మాట్లాడుకుంటున్నారు అన్నది పావుగంటలో తెలిసిపోతుంది. మొదటి గేమ్‌కే బ్లిట్జ్‌కు ఒప్పుకోకండి. “కాస్త నిదానంగా ఆడదామండీ, అరగంట పెట్టుకుందాం” అని అడగండి. నిజం బోర్డు మీద కాయలు మొదట్లో కొత్తగా కనిపిస్తాయి. ఫోన్ తెర మీద పైనుంచి చూడటం అలవాటైన కళ్లకు పక్కనుంచి చూడటం ఇబ్బంది. శకటు కోణంలో ఎక్కడిదాకా పోతుందో అందదు. రెండు మూడు వారాలు ఎదుటి చిన్నపిల్లల చేతిలో కూడా దెబ్బలు తగులుతాయి. అది మామూలే.

తాకిన కాయ ఆడి తీరాలి. ఫోన్‌లో వేలు జారితే వెనక్కి లాక్కోవచ్చు, ఇక్కడ కుదరదు. కావాలని మీ కాయను ముట్టుకుంటే దాన్నే కదపాలి, ఎదుటివాళ్లదాన్ని ముట్టుకుంటే దాన్నే కొట్టాలి, చెల్లే ఎత్తు ఉన్నంతవరకు. గడిలో పక్కకు జరిగిన కాయను సరిచేయాలంటే ముట్టుకోకముందే ‘అడ్జస్ట్’ అనాలి. క్యాస్లింగ్‌కు ముందు రాజునే పట్టుకోవాలి, ఒక్క చేత్తోనే రెండు కాయలూ జరపాలి. ఏనుగును ముందు ముట్టుకుంటే ఆ ఎత్తులో ఆ వైపు క్యాస్లింగ్ పోయినట్టే. కాయను ఏ చేత్తో కదిపితే గడియారాన్నీ ఆ చేత్తోనే నొక్కాలి. కొన్ని క్లబ్బుల్లో వీటిని చూసీచూడనట్టు వదిలేస్తారు. మీరు మాత్రం మొదటి రోజు నుంచే పాటించండి, టోర్నమెంట్‌లో ఆర్బిటర్ ముందు చెయ్యి వణకకుండా ఉంటుంది. ఇంకో మాట. పాతకాలం పద్ధతిలో ఆడే పెద్దవాళ్లు ఒకరిద్దరు తగలొచ్చు. వాళ్ల ఆటలో బంటు మొదట్లో రెండు గడులు దూకదు, క్యాస్లింగ్ బదులు రాజు ఒకే ఒక్కసారి గుర్రంలా దూకుతాడు. ముందే మాట్లాడుకుని కూర్చోండి, లేకపోతే పదో ఎత్తు దగ్గర గొడవ మొదలవుతుంది. అన్నట్టు ఆ ఆట కూడా ఒకసారి ఆడి చూడండి, సరదాగా ఉంటుంది.

ఎవరితో ఆడాలన్నది వచ్చే ప్రశ్న. మనవాళ్లలో రెండు రకాల పొరపాట్లు చూస్తాం. కొందరు రోజూ తమకన్నా తక్కువవాళ్లనే వెతుక్కుని గెలిచి ఇంటికి పోతారు. ఇంకొందరు క్లబ్బులో అందరికన్నా గట్టివాడి వెంటే పడతారు, ఇరవై ఎత్తుల్లో చిత్తవుతారు, ఎందుకు ఓడారో కూడా అర్థం కాదు. ఆర్పాడ్ ఎలో లెక్క ప్రకారం (ఫిడే ఆ రేటింగ్ పద్ధతిని 1970లో తీసుకుంది) మీకన్నా 100 పాయింట్లు ఎక్కువున్నవాడితో ఆడితే వంద గేముల్లో మీకు సుమారు 36 పాయింట్లు దక్కాలి, 200 ఎక్కువైతే 24, 400 ఎక్కువైతే 8. డ్రాకు అర పాయింటు లెక్క. నేర్చుకోవడానికి ఆ 100, 200 మధ్యవాడే సరైన మనిషి. మీరు నాలుగు గేముల్లో మూడు పోగొట్టుకున్నా, ఆ మూడింటిలో ఎక్కడ పోయిందో మీకు కనబడుతుంది, అతనికి చెప్పే ఓపికా ఉంటుంది. క్లబ్బులో అందరికీ రేటింగ్ ఉండదు కాబట్టి గుర్తు ఏమిటంటే: ఆట మధ్యదాకా సమానంగా నడిచి ఆ తర్వాత చేజారే మనిషి. వారానికి ఒక గేమ్ అతనితో తప్పకుండా ఆడండి.

ఎత్తులు రాసుకోండి. స్కోర్‌షీట్ లేకపోతే పిల్లల రూళ్ల నోట్‌బుక్ చాలు. రాయకుండా ఆడిన గేమ్ గురించి మాట్లాడుకుంటే అది కబుర్లలోకి దిగుతుంది, ‘అక్కడ నేను ఏదో వేశాను, నువ్వేదో వేశావు’ అంటూ.

ఇక గేమ్ తర్వాత కూర్చునే ఆ అరగంటను ఎలా వాడాలి? ఓడినవాళ్లే ముందు మాట్లాడాలి. గెలిచినవాడు మొదలుపెడితే పాఠం చెప్పినట్టవుతుంది, ఓడినవాడికి వినబుద్ధి కాదు. మొదటి ఎత్తు నుంచి కాయలు పేర్చుకుంటూ రండి. మొదటి పది ఎత్తుల దగ్గర ఎక్కువసేపు ఆగకండి, అక్కడ ఓడేది చాలా తక్కువ. ఇద్దరిలో ఎవరైనా ఐదు నిమిషాలు ఆలోచించిన చోట ఆగండి. “ఇక్కడ మీకు ఏం భయం వేసింది?” అని అడగండి. ఇదే అన్నిటికన్నా పనికొచ్చే ప్రశ్న. నూటికి తొంభై సార్లు జవాబు విని ఆశ్చర్యపోతారు. మీరు అసలు చూడని దాడికి అతను పది నిమిషాలు భయపడి ఉంటాడు. మీరు ప్రాణం పెట్టి వేసిన ఎత్తును అతను పట్టించుకునే ఉండడు. ఎదుటివాడి భయాలు తెలియడం అంటే బోర్డును రెండో వైపు నుంచి చూడటం నేర్చుకోవడమే.

ఈ కూర్చున్నంతసేపూ ఫోన్ జేబులోనే ఉండాలి. ఒక్కసారి ఇంజిన్ తెరిస్తే ఇద్దరూ నోరు మూసుకుని దాని వంక చూస్తారు. ఇంటికెళ్లాక పెట్టుకోండి, మీరిద్దరూ ఒప్పుకున్న దాంట్లో ఎంత తప్పుందో అది చెబుతుంది, అప్పుడు దాని మాటకు విలువ ఉంటుంది. ఆ రాత్రే నోట్‌బుక్‌లో మీ మాటల్లో నాలుగు వాక్యాలు రాసి పెట్టండి. ప్రపంచ విజేత మిఖాయిల్ బొత్విన్నిక్ తన దగ్గరికి వచ్చే కుర్రాళ్లకు పట్టుబట్టి చెప్పేది ఇదే: నీ గేములు నువ్వే విశ్లేషించు, రాసినదాన్ని అచ్చువేయించి నలుగురి ముందు పెట్టు, తప్పులు వాళ్లు పట్టనీ. ఆయన శిక్షణలో మెలిగినవాళ్లలో కార్పోవ్, కాస్పరోవ్, క్రామ్నిక్ ఉన్నారు. మనకు అచ్చువేసే పత్రిక అక్కర్లేదు, వచ్చే ఆదివారం ఆ మాస్టారికి చూపిస్తే సరిపోతుంది.

క్లబ్బులో పెద్దవాళ్ల దగ్గర తప్పకుండా నేర్చుకోవాల్సింది ఇంకొకటుంది, ఆట చివరి భాగం. ఫోన్ ఆటగాళ్లు ఇక్కడే దొరికిపోతారు, ఎందుకంటే వాళ్ల గేములు అక్కడిదాకా రావు, టైమ్ అయిపోతుంది. ఇది ఒక్కటి బోర్డు మీద పెట్టి చూడండి. తెల్ల రాజు ఈ5లో, తెల్ల బంటు ఈ6లో, నల్ల రాజు ఈ7లో. ఇంకేమీ లేవు. ఎత్తు నలుపుది. నల్ల రాజు పోగలిగినవి మూడే గడులు: డీ8, ఈ8, ఎఫ్8. చూడ్డానికి మూడూ ఒకటే. డీ8కి పోతే తెల్ల రాజు డీ6కి వస్తాడు, బంటును ఆపాలంటే నలుపు ఈ8కి రాక తప్పదు, బంటు ఈ7కి నడుస్తుంది, నల్ల రాజు ఎఫ్7కి పక్కకు తప్పుకోవాలి, తెల్ల రాజు డీ7కి వచ్చి బంటును మంత్రిని చేసుకుంటాడు. ఎఫ్8కి పోయినా అద్దంలో చూసినట్టు అదే కథ. నేరుగా వెనక్కి, ఈ8కి పోతే మాత్రం ఆట మారిపోతుంది. తెల్ల రాజు డీ6కి వస్తే నల్ల రాజు డీ8కి వచ్చి ఎదురు నిలుస్తాడు. బంటు ఈ7కి వచ్చి చెక్ చెబుతుంది, రాజు ఈ8. ఇప్పుడు తెల్ల రాజు బంటును కాపాడాలంటే ఈ6కి రావాలి, వస్తే నలుపుకు కదలడానికి గడి లేదు, స్టేల్‌మేట్, డ్రా. రాకపోతే బంటే పోతుంది, అదీ డ్రానే. ఒక్క గడి తేడాలో అర పాయింటు. ‘రాజు నేరుగా వెనక్కి, ఆ తర్వాత ఎదురెదురుగా’ అని పుస్తకంలో చదివితే రెండు రోజుల్లో మర్చిపోతాం. క్లబ్బులో ఒక పెద్దాయన తెల్లకాయలు పట్టుకుని మిమ్మల్ని నాలుగైదు సార్లు వరసగా ఓడిస్తే మర్చిపోలేం. ఇలాంటివి డజను నేర్చుకుంటే, సమానంగా సాగిన గేములు చివర్లో మీ వైపు మొగ్గడం మొదలవుతుంది. ఓపెనింగ్ పుస్తకాల మోజు అప్పటిదాకా కాస్త పక్కన పెట్టండి. తెల్లకాయలతో ఒకటి, నల్లకాయలతో రెండు చాలు. క్లబ్బువాళ్లు మీ ఓపెనింగ్ పసిగట్టి ఇంటి దగ్గర సిద్ధమై వస్తారు. అలా వచ్చినప్పుడే దాన్ని మీరు నిజంగా నేర్చుకుంటారు.

పిల్లల చేతిలో ఓడటం పెద్దవాళ్లకు పెద్ద పరీక్ష. ఎనిమిదేళ్ల పాప రెండు జడలేసుకుని వచ్చి, కుర్చీ మీద మోకాళ్లు వేసుకుని కూర్చుని, మీ ఏనుగును లాగేసుకుని, కిటికీలోంచి బయటికి చూస్తూ ఉంటుంది. చాలామంది మగవాళ్లు రెండోసారి ఆ పాపతో ఆడరు. ‘నిద్ర లేదు, ఆఫీసులో పని’ అంటారు. ఆడండి. పిల్లలు భయం లేకుండా లెక్కపెడతారు, మొహమాటం లేకుండా మీ తప్పు చెబుతారు, “అంకుల్, అది ఫ్రీ కదా!” అని. ఇంత నిజాయితీగా చెప్పే కోచ్ డబ్బులిచ్చినా దొరకడు. ఈ సందర్భంలోనే క్లబ్బు నడిపేవాళ్లకు ఒక మాట: ఆ పాప పదో తరగతికి వచ్చేసరికి క్లబ్బుకు రావడం మానేస్తోందంటే సగం తప్పు చదువుది, సగం మనది. రాత్రి తొమ్మిది దాకా సాగే ఆట, గది నిండా మగవాళ్లు, గుమ్మం దగ్గర సిగరెట్లు. సాయంత్రం నాలుగు నుంచి ఆరున్నర అని పెట్టండి, తల్లులకూ కూర్చోవడానికి నాలుగు కుర్చీలు వేయండి. వాళ్లలో ఇద్దరు వచ్చే నెలకు తామే ఆడతారు.

పక్కనుంచి ఎత్తులు చెప్పేవాళ్లు ప్రతి క్లబ్బులో ఉంటారు. ‘అబ్బా, ఏనుగు, ఏనుగు!’ అని నిట్టూర్చే బాపతు. గేమ్ నడుస్తున్నంతసేపు మొహమాటపడకుండా ఆపండి. గేమ్ అయ్యాక మాత్రం వాళ్లనే పిలిచి కూర్చోబెట్టుకోండి, ఆ సరదా అప్పుడు పనికొస్తుంది. బ్లిట్జ్ కూడా అంతే. చివరి అరగంట సరదాకు ఆడండి, మొదటి గంట దానికి ఇవ్వకండి. ఆనంద్ బ్లిట్జ్‌తోనే ఎదిగాడు కదా అని ఎవరో ఒకరు అంటారు. ఆ వయసూ ఆ చురుకూ మనకుంటే ఈ పుస్తకం అవసరమే లేదు.

మీ ఊళ్లో క్లబ్బే లేదా? నాలుగు బోర్డులు, రెండు గడియారాలు, ఒక తాళంచెవి ఉంటే క్లబ్బు మొదలైనట్టే. తాళంచెవి దొరకడమే కష్టం. గ్రంథాలయం వాళ్లనో, స్కూలు హెడ్‌మాస్టర్‌నో అడిగి చూడండి. వారమూ గంటా మార్చకండి. ఇద్దరే వచ్చినా ఆదివారం నాలుగంటే నాలుగే. గోడ మీద పేర్ల పట్టీ ఒకటి పెట్టండి: ఎవరైనా తమ పైనున్నవాళ్లను సవాలు చేయొచ్చు, గెలిస్తే స్థానాలు మారతాయి. ఈ నిచ్చెన పద్ధతికి కప్పులు అక్కర్లేదు, ఎంట్రీ ఫీజు అక్కర్లేదు, ఒకటి కిందికి దిగిన మనిషి మాత్రం వచ్చే వారం తప్పకుండా వస్తాడు.

ఒక ఆరేడు నెలలు ఇలా గడిచాక రేటెడ్ టోర్నమెంట్‌కు వెళ్లండి. అఖిల భారత చెస్ సమాఖ్యలో పేరు నమోదు చేసుకోవాలి, క్లబ్బులో ఎవరో ఒకరు దారి చూపిస్తారు. స్విస్ పద్ధతిలో గెలిచినవాళ్లు గెలిచినవాళ్లతో, ఓడినవాళ్లు ఓడినవాళ్లతో తలపడతారు కాబట్టి మొదటి రౌండ్‌లో చిత్తయినా నాలుగో రౌండ్‌కు మీ స్థాయివాళ్లే ఎదురవుతారు. కొత్తవాళ్ల రేటింగ్ మొదటి 30 గేముల దాకా పెద్ద అంగలేస్తుంది, పైకీ కిందికీ. ఆ అంకెను రోజూ చూసుకుని బెంగపడకండి. రౌండ్‌కూ రౌండ్‌కూ మధ్య హాలు బయట మెట్ల మీద జేబు బోర్డులతో గుంపులు కడతారు. మిమ్మల్ని ఇప్పుడే ఓడించిన మనిషి అక్కడ టీ తాగుతూ ఉంటాడు. స్కోర్‌షీట్ పట్టుకుని వెళ్లి పక్కన కూర్చుని, “పద్దెనిమిదో ఎత్తు దగ్గర మీకు ఏం భయం వేసిందండీ?” అని అడగండి.